నలభై ఒక్క కప్పులు

మా రేవులో శ్మశానం చాలాకాలం ఖాళీగా ఉండేది. జనం చావలేదని కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో పైనుంచి పడి పోయినవాళ్లున్నారు, జ్వరాలతో పోయినవాళ్లున్నారు, ఆదివారం పూట బీరు తాగి సముద్రంలో దిగి తిరిగి రానివాళ్లూ ఉన్నారు. కానీ ఎవరు పోయినా ఆ సాయంత్రానికల్లా ఒక ట్రక్కు మాట్లాడి, శవపేటిక చుట్టూ ఐసు దిమ్మలు పేర్చి, సొంతూరికి తీసుకెళ్లిపోయేవారు. పెతత్లాన్ వాణ్ణి పెతత్లాన్‌కి, అర్తెయాగా వాణ్ణి అర్తెయాగాకి. మోంక్లోవా వాడైతే రెండు రోజుల ప్రయాణం, అయినా సరే. ఇక్కడ పూడ్చడమంటే మనిషిని దారి మధ్యలో వదిలేసినట్టే అనుకునేవారు.

అలాంటి ఊళ్లో, శ్మశానం మొదటి వరుసలో, సముద్రం వైపున, అందరూ గౌరవంగా డోన్యా అని పిలిచిన ఎవోదియా సోలోర్సానో సమాధి ఉంది. ఆమెను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. తీసుకెళ్లొద్దని ఆమే చెప్పింది. అసలు తాను ఇక్కడి మనిషినని ఆమె చేత మొదటిసారి అనిపించడానికి ఎంత తంటా అయిందో నాకు తెలుసు. ఆ రోజు పెన్సిలు పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నది నేనే.

నా పేరు ఒతీలియా. పాత్స్‌క్వరో కొండల్లోంచి ఈ ఉక్కపోతలోకి బడి టీచరుగా వచ్చాను. నాకో జబ్బుంది. ఎవరింట్లో ఎంతమంది ఉంటారో, ఏం వండుకుంటారో, ఎవరికెవరు ఏమవుతారో తెలుసుకోకపోతే నాకు తిన్నది అరగదు. ఎనభయ్యో సంవత్సరం జనాభా లెక్కలకి టీచర్లను పంపుతున్నారని తెలిసి తోటివాళ్లంతా మూతులు ముడుచుకుంటే, నేను మాత్రం సంచీ భుజానికి తగిలించుకుని అందరికంటే ముందు బయల్దేరాను. జనం గుమ్మాల్లోకి వెళ్లి ప్రశ్నలు వేసే హక్కు సర్కారే చేతికిస్తే వద్దంటానా?

నాకిచ్చింది నేను గది అద్దెకు తీసుకున్న అరెనాల్ పేటే. నది సముద్రంలో కలిసేచోట, ఇసుకలో, రేకులూ కొబ్బరాకులూ కప్పి లేపిన నూట అరవై ఇళ్లు. ఫ్యాక్టరీకి ముందు అక్కడ కొబ్బరిచెట్లు, పీతలు తప్ప ఏమీ లేవట. ఇప్పుడు పొద్దున్నే ఆ సందుల్లో నడవాలంటే భుజం భుజం రాసుకోవాల్సిందే. బడిలో ఒక్కో బెంచీకి నలుగురు పిల్లలు. కనీసం వెయ్యిమంది తేలతారని నేను లెక్కేసుకున్నాను.

నాలుగు రోజులు తిరిగాక తేలింది మూడు వందల ముప్ఫై ఎనిమిది.

ఎందుకలా అయిందో క్రెసెన్సియోతో మాట్లాడిన మాటలు చెబితే చాలు. క్రెసెన్సియో ఓడల దగ్గర క్రేను నడుపుతాడు. పీపా మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"మీరు ఎక్కడుంటారండీ?" అన్నాను.

"పెతత్లాన్‌లో."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఇదుగో, మీ ఎదురుగానే ఉన్నాగా."

"ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది?"

"వచ్చే సెప్టెంబరుకి తొమ్మిదేళ్లు."

"మరి ఇక్కడ ఉంటున్నట్టే కదా!"

అతను కత్తి ఆపి నావైపు జాలిగా చూశాడు. "ఇక్కడ పని చేస్తున్నానండీ టీచరమ్మా. ఉండేది పెతత్లాన్‌లో."

అందరిదీ అదే పాట. నలుగురు పిల్లల్ని ఇక్కడే కన్న తల్లి కూడా, "పిల్లలు ఇక్కడే పుట్టారులెండి, కానీ మేముండేది అర్తెయాగాలో" అంది. ఒకాయన ఇంటికి సిమెంటు గచ్చు చేయించుకుంటూనే, "ఇదంతా నాలుగు రోజుల ముచ్చట" అన్నాడు. నేను మాత్రం వాళ్ల నోటి నుంచి వచ్చిందే రాయాలి. మనిషి తన నోటితో ఇక్కడుంటానంటేనే లెక్క. ఆరు నెలలకు మించి ఉన్నవాళ్లు అలా చెప్పొచ్చని మాకిచ్చిన పుస్తకంలో ఉంది. చెబితేగా!

మా పర్యవేక్షకుడు నా కాగితాలు చూసి పగలబడి నవ్వాడు. "ఏంటమ్మా ఇది, ఆ పేటలో మనుషులు ఉండట్లేదా, ఉతికి ఆరేసిన చొక్కాలే కాపురం ఉంటున్నాయా?" అన్నాడు. తరవాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పాడు. వెయ్యిమంది స్థిరంగా ఉన్నట్టు తేలితే అరెనాల్‌ను పేటగా గుర్తించి నీళ్ల గొట్టం వేస్తారు. తేలకపోతే అది పనివాళ్ల తాత్కాలిక మకాం. ఓడల సరుకుకు గోదాములు కావాలి కాబట్టి వచ్చే ఏడు మొత్తం చదును చేసేస్తారు. రెండు రోజులు గడువిస్తున్నాను, మళ్లీ వెళ్లి అడుగు, ఎల్లుండి సాయంత్రం అయిదింటికి కాగితాలు నా బల్ల మీదుండాలి అన్నాడు.

ఈ కబురు మోసుకుని నేను తిన్నగా వెళ్లింది డోన్యా ఎవోదియా పూటకూళ్ల ఇంటికి.

అరెనాల్‌లో అలాంటి ఇళ్లు ఎనిమిది ఉండేవి, ఆమెదే అన్నిటికంటే పెద్దది. పొడుగాటి రేకుల షెడ్డు. వెనక సగంలో పద్నాలుగు మడత మంచాలు. ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు కాబట్టి ఒక్కో మంచం మీద రోజుకు ముగ్గురు వంతులవారీగా పడుకునేవారు. ఒకడి ఒంటి వేడి ఆరకముందే ఇంకొకడు వచ్చి ఒరిగేవాడు. ముందు సగంలో బల్లలు, పొయ్యి, నీళ్ల పీపాలు. పొద్దున పూట గోమాంసం వరుగు దంచి గుడ్లతో వేపేది, మధ్యాహ్నం అన్నం వార్చి మీద టమాటా వేసిన చిక్కుడుగింజల పులుసు పోసేది. ఆ అన్నం కోసం మోంక్లోవా వైపు ఉత్తరాదివాళ్లు కూడా తమ మైదారొట్టెలు మరిచిపోయారు.

ఆమెకు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు దగ్గర అందరికంటే ముందు ఆమె పీపాలే నిండాలి. ఎవరైనా అడ్డొస్తే ఆ ట్యాంకరు డ్రైవరే భయపడి, "ముందు ఆవిడకి వదలండర్రా, లేకపోతే నా చెవులు తూట్లు పడతాయి" అనేవాడు. భర్త మకారియో ఫ్యాక్టరీ పొగగొట్టం కట్టేటప్పుడు పడి పోయాడు. పరిహారం కింద ఆమె డబ్బు అడగలేదు, ఈ షెడ్డుకు రేకులు అడిగింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. భోజనానికి చేరిన ప్రతివాడూ ఒక ఎనామిల్ కప్పు తెచ్చుకోవాలి. దూలానికి తనే ఒక మేకు కొట్టుకుని దానికి తగిలించుకోవాలి. సెలవు మీద ఊరికి వెళ్లినా, ఆసుపత్రిలో పడినా, పదిహేను రోజులు పోలీసు కొట్లో ఉన్నా కప్పు మాత్రం తీయకూడదు. శాశ్వతంగా వెళ్లిపోయేవాడే కప్పు తీసుకెళ్తాడు. కప్పు ఉన్నంతకాలం వాడికి అన్నం వండుతుంది, వాడు వచ్చినా రాకపోయినా.

నేను తలెత్తి లెక్కపెట్టాను. నలభై ఒకటి. నా కాగితంలో ఆ ఇంటి లెక్క సున్నా.

"డోన్యా ఎవోదియా, ఇన్ని కప్పులున్నాయి కదా, మీ ఇంట్లో ఒక్కడూ ఉండట్లేదంటే నమ్మమంటారా?" అని జరిగిందంతా చెప్పాను. గోదాముల మాట రాగానే ఆమె గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేసింది.

"నా పొయ్యి మీద గోదాము కడతారా?"

"వెయ్యి తేలకపోతే కడతారు."

"వీళ్లు నోరు విప్పి ఇక్కడుంటామని చెబితే కట్టరా?"

"కట్టరు."

"రేపు పొద్దున ఆరింటికి రా. పెన్సిలు చెక్కుకుని రా."

మర్నాడు ఆరింటికి వెళ్లేసరికి బల్లల నిండా జనం. దిగిన షిఫ్టూ ఎక్కబోయే షిఫ్టూ రెండూ ఉన్నాయి. ఒక్కడి ముందూ పళ్లెం లేదు. ఎవోదియా పొయ్యికి అడ్డంగా నిలబడి ఉంది.

"వినండర్రా. ఈ పూట నుంచి నా అన్నం ఈ ఊళ్లో ఉండేవాళ్లకే. పెతత్లాన్‌లో ఉండేవాళ్లు పెతత్లాన్ వెళ్లి తినండి. మోంక్లోవాలో ఉండేవాళ్లు ఇప్పుడే బస్సెక్కితే ఎల్లుండికి అందుకుంటారు."

అంతా గొల్లున నవ్వారు. నికనోర్ లేచాడు. కొలిమి దగ్గర పనిచేసే ఆరడుగుల మనిషి, మోంక్లోవా నుంచి వచ్చి ఎనిమిదేళ్లు. "అదేంటత్తా, అన్నం దగ్గర ఈ పేచీలేంటి? నా ఊరు నాదే కదా!"

"నీ ఊరు నీదేరా, ఎవరు కాదన్నారు? నీ ఆకలి ఎవరిది? ఎనిమిదేళ్ల నుంచి దానికి దిక్కెవరు?"

"అమ్మకి తెలిస్తే ఏడుస్తుందత్తా. ప్రతి ఉత్తరంలోనూ ఎప్పుడొస్తావురా అనే రాస్తుంది. ఇక్కడ ఉంటున్నానని సర్కారు కాగితంలో ఎక్కిస్తే..."

"అమ్మ ఆ కాగితం చూడదు. నువ్వు మాత్రం గోదాము చూస్తావు."

నికనోర్ తల దించుకున్నాడు. మిగతావాళ్ల నవ్వు కూడా ఆగిపోయింది. తరవాత నా దగ్గరికొచ్చి, "ఇక్కడే ఉంటాను టీచరమ్మా, రాసుకోండి" అన్నాడు నెమ్మదిగా. ఆ వెనకే క్రెసెన్సియో వచ్చాడు. "నాదీ రాయండి. కానీ పక్కన పెతత్లాన్ అని కూడా రాయడానికి ఏదైనా చోటుంటే చూడండి." ఒక్కొక్కరే వరుస కట్టారు. పేరు చెప్పినవాడికి అన్నం పడింది. పదింటికల్లా ఈ సంగతి పేటంతా పాకింది. మిగతా ఏడు పూటకూళ్ల ఇళ్లలోనూ అదే పని చేశారు. కాపురాలున్న ఆడవాళ్లయితే మొగుళ్లతో పనిలేకుండా నన్ను వాళ్లే పిలిచి చెప్పారు. నీళ్లు మోసేది వాళ్లు కదా.

గడువు రోజు మధ్యాహ్నం మూడింటికి అన్నీ కూడితే, ఎవోదియా ఇల్లు కాకుండా, తొమ్మిది వందల ఎనభై ఏడు తేలాయి. ఆమె ఇంట్లో నలభై ఒక్కటి ఉండనే ఉన్నాయి. గండం గట్టెక్కిందనుకుని హుషారుగా ఆమె కాగితం తీశాను. మొదటి వరుస ఖాళీగా ఉంది. ఇంటి పెద్ద పేరు, ఉండే చోటు. ఆ వరుస నిండకపోతే కింద ఎన్ని పేర్లున్నా ఆ కాగితం చెల్లదు. చెప్పేదేముందిలే అని ఆఖరికి వదిలేశాను.

వెళ్లేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుగింజల్లో రాళ్లు ఏరుతోంది. గాజు సీసాలో కాఫీ తాగుతోంది. అందరికీ కప్పులుండి, ఆమెకు మాత్రం పాత జాము సీసా ఎందుకో అని అంతకుముందు చాలాసార్లు అనుకున్నాను. ఎలా మర్చిపోయానో, అడగలేదు.

"మీ పేరొక్కటే మిగిలింది" అన్నాను. "ఎవోదియా సోలోర్సానో. ఉండేది ఇక్కడే, అరెనాల్. రాసేస్తున్నా."

"రాయకు."

"అదేంటి?"

"నేనుండేది లాస్ పరోతాస్‌లో."

నేను ఆ పేరెప్పుడూ వినలేదు. ఎక్కడ అని అడిగాను. ఆమె గింజలు ఏరుతూనే చెప్పింది. బాల్సాస్ నది మీద, ఎగువన. అరవై రెండు ఇళ్లు, ఒక చర్చి, ఊరి ముందు రెండు పెద్ద పరోతా చెట్లు. ఆనకట్ట కట్టినప్పుడు ఊరు నీళ్లలోకి పోయింది. చర్చి గంట విప్పి తెచ్చుకునే వ్యవధి కూడా లేకపోయిందట. జనం తలో దిక్కూ పోయారు, కొందరు ఉరువాపాన్‌కి, కొందరు సరిహద్దు దాటి. ప్రతి మే నెలలో ఊరి పండగ రోజు మిగిలినవాళ్లు పడవలెక్కి చర్చి ఉన్నచోటికి వెళ్లి నీళ్లమీద పూలు వేసి వచ్చేవారు. మొదట పదకొండు పడవలు. తరవాత ఆరు. కిందటి నెల ఎవోదియా ఒక్కతే వెళ్లింది, పడవవాడు ఏ ఊరివాడో.

"డెబ్భైలో లెక్కలకొచ్చిన అతను మంచివాడు" అంది. "ఎక్కడుంటావంటే లాస్ పరోతాస్ అన్నాను, రాసుకెళ్లిపోయాడు. ఆ తరవాత ఉత్తరాలు రాయించి అందర్నీ అడిగాను, మీరేం చెప్పారని. ఉరువాపాన్ అని చెప్పారట. ఒక్కళ్లు కూడా ఊరి పేరు చెప్పలేదు."

"డోన్యా ఎవోదియా, ఇది మీరు చెప్పకపోతే కాగితం చెల్లదు. నలభై ఒక్కమందీ పోతారు. పేట పోతుంది. మీ పొయ్యే పోతుంది."

"తెలుసమ్మాయ్. నాకు లెక్కలు రావనుకున్నావా? రెండు రోజులుగా అందరి మీదా అరుస్తున్నది ఎవరు?" ఆమె చేయి ఆగింది. "నువ్వెక్కడ రాయించుకున్నావ్?"

నా మొహం కందిపోయింది. మా అమ్మ నా పేరు పాత్స్‌క్వరోలో, మా ఇంట్లోనే రాయించింది. ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను కాదనలేదు. ఊరంతా తిరిగి ఇక్కడున్నట్టు చెప్పండి చెప్పండి అని ప్రాణం తీసిన నేను కూడా ఇక్కడ లేను. ఆ మాట చెప్పేసరికి ఎవోదియా ఒక్కసారిగా నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, పైటకొంగులా మెడలో వేలాడే శాలువా అంచుతో తుడుచుకుంది.

"నేను కొట్టేయించుకుంటాను" అన్నాను. "ఇవాళే ఫోన్ చేసి కొట్టేయమంటాను. ఇక్కడే రాయించుకుంటాను. మీరు కూడా..."

"నువ్వు కొట్టేయించుకుంటే మీ ఊళ్లో ఒకళ్లు తగ్గుతారు" అంది ఆమె. "నేను కొట్టేయించుకుంటే మా ఊళ్లో ఎవరూ ఉండరు."

ఆరు రోజులుగా ఈ రేవు ఎంత పెరిగిందా అని తెలుసుకోవాలన్న సరదాతో తిరుగుతున్నాను. పెరిగిన ప్రతి మనిషీ ఎక్కడో తగ్గాడన్నది నాకు ఒక్కసారైనా తట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. కాగితం మడిచి సంచీలో పెట్టేసి వెళ్లిపోదామనిపించింది. కానీ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది, వెనక మంచాల మీద పద్నాలుగుమంది గురకలు వినిపిస్తున్నాయి.

నికనోర్ ఎప్పుడు లేచాడో, ఎంతసేపటి నుంచి విన్నాడో తెలియదు. బనీనుతో వచ్చి ఆమె ఎదుట బల్ల మీద కూర్చున్నాడు.

"అత్తా, నిన్న నా చేత చెప్పించావు కదా. ఆ అన్నం నాకు గొంతు దిగలేదు తెలుసా? పళ్లెం ముందు ఏడవకూడదని తినేశాను."

"చూశాన్రా."

"చూసి కూడా ఊరుకున్నావు."

"ఊరుకోకపోతే నువ్వు మళ్లీ మాట మార్చేవాడివి."

"మరి నేను ఊరుకుంటానా?"

ఆమె వాడివైపు చూసింది. పైన దూలానికున్న కప్పులవైపు చూసింది. నేను అప్పుడు కాగితం మళ్లీ విప్పి, రెండో వరుసలో ఇంకో గడి ఉంటే వేలితో చూపించాను. ఆ గడి గురించి నాకు ముందే గుర్తు రావలసింది.

"ఇది పుట్టిన ఊరు. ఇక్కడ లాస్ పరోతాస్ అని రాస్తాను."

"నీళ్లలో ఉన్న ఊరు రాయనిస్తారా?"

"ఊరు ఇప్పుడుందా లేదా అని ఈ గడిలో అడగరు. పుట్టారా లేదా అనే అడుగుతారు."

"పుట్టాను" అంది ఆమె, ఎవరో కాదన్నట్టు. "మా అమ్మ నన్ను పరోతా చెట్టు కిందే కన్నది. ఇంటిదాకా నడవలేకపోయింది."

ఆమె గింజల చేట పక్కకు జరిపింది. "ముందు ఆ గడి నింపు. అది నింపాక పైది రాయి."

నేను పుట్టిన ఊరు రాశాను. ఒక్కో అక్షరం ఆమె వంగి చూసింది, చదువు రాదు కానీ చూసింది. మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. అప్పుడు, "ఉండేది ఇక్కడే. అరెనాల్" అని నోరు తెరిచి చెప్పింది. ఆ గట్టి గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

ఆ కాగితంతో కలిపి మొత్తం వెయ్యిన్నీ ఇరవై తొమ్మిది. నా పేరు చేరిస్తే ముప్ఫై. గొట్టం రావడానికి ఇంకో మూడేళ్లు పట్టిందనుకోండి, సర్కారు పని కదా. గోదాములు మాత్రం వేరేచోట కట్టారు.

నేను సంచీ సర్దుకుని లేస్తుంటే ఆమె తన రేకుపెట్టె తెరిచింది. అడుగునుంచి గుడ్డలో చుట్టిన ఒక నీలం కప్పు తీసింది. అంచున పెచ్చు లేచిపోయి ఉంది. లాస్ పరోతాస్ నుంచి తెచ్చుకున్నదట. పదిహేను, పదహారేళ్లుగా అందులో ఆమె కాఫీ తాగలేదు.

"ఒరేయ్ నికనోర్, సుత్తి తీసుకో. ఒక మేకు కొట్టు."

నికనోర్ బల్లెక్కబోయి దూలంవైపు చూశాడు. మేకులన్నీ మగవాళ్ల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. "ఎంత ఎత్తులో అత్తా?"

ఆమె బల్లవైపు చూడలేదు, దూలంవైపూ చూడలేదు. పొయ్యి పక్కన నిలబెట్టిన గుంజ దగ్గరికెళ్లి, చెయ్యి చాపి, ఒకచోట వేలు పెట్టింది.

"ఇక్కడ. నాకు అందేట్టు కొట్టరా."